ముందు చూసింది తను, గుర్తుపట్టింది నేను. ఇప్పుడు ఈ కెమెరా ఎవరిది?

పాతపెట్టె · ఆదివారం, రాత్రి 9:40

ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఈరోజు పొద్దున్నే నేనూ నా స్నేహితురాలూ పాత సామాన్ల సంతకి వెళ్లాం. మాకిది అలవాటే. సరిగ్గా తెల్లారకముందే, అమ్మేవాళ్లు ఇంకా మూటలు విప్పుతుండగానే చేరిపోతాం. తనవి కళ్లు, నాది బుర్ర. పొగరు అనుకోకండి, ఆ మాట తనే అంటుంది. కుప్పలో ఏదో ఒకటి తను పసిగడుతుంది, అదేమిటో నేను చెబుతాను. ఇన్నాళ్లూ గొడవ రాలేదంటే కారణం, తనకి నచ్చేవి పింగాణీ, గాజు, గుండీలు. నాకు నచ్చేవి యంత్రాలు.

ఇవాళ ఒక చోట టార్పాలిన్ మీద చిక్కుపడిన కరెంటు వైర్ల కుప్ప. దాని కింద నుంచి తోలు పట్టీ ఒకటి బయటికి కనిపిస్తోంది. తను వంగి లాగింది. వైర్లన్నీ దాంతో పాటే లేచాయి. చివర్లో నల్లటి, చదునైన పెట్టె, ఒక పుస్తకమంత. మీట నొక్కగానే ముందు తలుపు తెరుచుకుని కొలిమితిత్తిలాంటి మడతల తోలు ముందుకి వచ్చింది, దాని మూతికి లెన్సు. అప్పటికే నా చెయ్యి పట్టీ మీద ఉంది. తన చెయ్యీ వదల్లేదు.

అంతలో తను "అబ్బా, ఎంత బాగుందే!" అంది, సంతంతా వినిపించేలా. అమ్మే పెద్దాయన అప్పటిదాకా పక్కవాళ్లతో కబుర్లలో ఉన్నాడు. ఆ అరుపుకి ఇటు తిరిగి మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూశాడు. ఇక చెప్పేదేముంది, నోటికొచ్చిన ధర. ఎంత బతిమాలినా దిగితేనా!

చెరి సగం వేసుకుని కొన్నాం. తన సంచి పెద్దది కాబట్టి అందులో పెట్టాం. సంచి తన ఇంటికి వెళ్లింది. సాయంత్రం ఫోటో పంపింది. హాల్లో అలమరలో, రెండు పూలకుండీల మధ్య, నా కెమెరా. సరే, మా కెమెరా. నాకేమో దాంతో ఫోటోలు తియ్యాలని ఉంది.

రెండు ప్రశ్నలు. ముందు చూసినవాళ్లదా, అదేమిటో గుర్తుపట్టినవాళ్లదా? రెండోది, దాని వెనక చిన్న గుండ్రటి ఎర్ర అద్దం ఉంది. మీదున్న రేకు జరిపి చూస్తే లోపల 6 అంకె కనిపించింది. తలుపు మీద కోడక్ అనీ, సిక్స్-20 అనీ ఉంది. లోపల ఫిల్ము ఉన్నట్టా? తెరిచి చూడమంటారా?

లెన్సుకన్ను · ఆదివారం, రాత్రి 9:52

తెరవొద్దు. తెరవొద్దు. తెరవొద్దు.

మీ మొదటి ప్రశ్న తర్వాత చూద్దాం. ముందు ఆవిడకి ఫోన్ చేసి వెనక తలుపు ముట్టుకోవద్దని చెప్పండి. ఆ రేకు మూసేసి, పైన నల్ల టేపు ముక్క అంటించమనండి.

లోపల ఫిల్ము చుట్ట ఉంది. ఆ చుట్టలో ఫిల్ముకి వెనక ఒక పొడుగాటి కాగితం కలిసి ఉంటుంది. మీకు కనిపించిన 6 ఆ కాగితం మీద అచ్చేసిన అంకె. అంటే ఎవరో ఆరో ఫోటో దాకా వచ్చి ఆగిపోయారు. ఈ సైజు కెమెరాల్లో ఒక చుట్టకి సాధారణంగా 8 ఫోటోలు. ఐదో ఆరో తీసి ఉంటారు. కాస్త అదృష్టం ఉంటే అవి ఇంకా అందులోనే ఉండొచ్చు.

నిన్ననేచేరా · ఆదివారం, రాత్రి 10:05

నేను కొత్త, తప్పయితే తిట్టకండి. ఎర్ర లైటు కింద తెరవొచ్చు కదా? సినిమాల్లో ఫోటోలు కడిగే గదుల్లో అలాగే చూపిస్తారు.

లెన్సుకన్ను · ఆదివారం, రాత్రి 10:18

తిట్టను కానీ గుండె ఆగినంత పనైంది.

ఎర్ర లైటు కింద కడిగేది ఫోటో కాగితం. బ్లాక్ అండ్ వైట్ కాగితానికి ఎరుపు తెలియదు. ఫిల్ముల్లో రెండు రకాలు. బాగా పాతవాటిలో చాలావాటికి ఎరుపు కనిపించదు, అందుకే ఆ కాలం కెమెరాలకి వెనక ఎర్ర అద్దం పెట్టారు. తర్వాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ ఫిల్ముకి అన్ని రంగులూ కనిపిస్తాయి, ఎరుపుతో సహా. లోపల ఏ రకం ఉందో తెలియనప్పుడు చిమ్మచీకటే దారి.

పాతపెట్టె గారూ, చెయ్యాల్సింది ఇదీ. గది చీకటి చేసుకుని తిప్పే మీటని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా చివరిదాకా తిప్పండి. దశాబ్దాలు కదలని కాగితం, విసురుగా తిప్పితే చిరుగుతుంది. చివరికొచ్చేసరికి చుట్ట వదులై మీట తేలిగ్గా తిరుగుతుంది. అప్పుడు ఆ చీకట్లోనే తీసి, విడిపోకుండా టేపు వేసి, వెలుతురు దూరని డబ్బాలో పెట్టండి. చుట్ట పైన కాగితమే ఉంటుంది కాబట్టి, టేపు వేశాక చిన్న లైటులో దాని కొసన ఏం రాసి ఉందో చదవొచ్చు.

ఇంకో మాట. ఖాళీ అయిన రీలు పారేయకండి. తలుపు మీదున్న సిక్స్-20 అంటే 620 ఫిల్ము. అది ఇప్పటికీ దొరికే 120 ఫిల్మే, వెడల్పూ పొడుగూ అంతా అదే. రీలు ఒక్కటే సన్నం. కోడక్ 620ని 1995లో ఆపేసింది. 1901లో మొదలైన 120 మాత్రం ఇంకా తయారవుతోంది. చీకట్లో 120 ఫిల్ముని ఆ సన్న రీలు మీదికి చుట్టుకుంటే మీ కెమెరా మళ్లీ పనిచేస్తుంది. ఆ రీళ్లు లేకే బోలెడన్ని కెమెరాలు అలమరల్లో ఉండిపోయాయి.

ఖాళీచేతులు · ఆదివారం, రాత్రి 10:40

మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేనిస్తా. కెమెరా అమ్మినవాడిది. అసలు లాభపడ్డది ఆయనొక్కడే.

స్నేహితులతో సంతకెళ్తే ఇదే తంతు. ఒక్కడివే వెళ్తే రెండుసార్లు ఆలోచించి కింద పెట్టేస్తావు. పక్కన ఒకరుంటే "తీసుకోవే, మళ్లీ దొరకదు" అంటారు. వాళ్ల జేబులోంచి పోయేది కాదుగా.

గీతల_రికార్డు · సోమవారం, ఉదయం 6:15

ఖాళీచేతులు గారూ, పక్కన మనిషి ఉంటే చేతిలోది కింద పెట్టించేవాళ్లూ ఉంటారు. మా వాడొకడున్నాడు. నేను రికార్డుల డబ్బా ముందు కూర్చుంటే వాడు నా వెనకే నిలబడి "ఇది నీ దగ్గరుంది, ఇదీ ఉంది, దీని అట్ట వేరు లోపల వేరు" అని చెబుతూనే ఉంటాడు. వాడి పుణ్యాన మిగిలిన డబ్బుతో నేను ఇంకో ప్లేయర్ కొన్నాను. (వాడికి తెలియదు.)

రికార్డు కొనేటప్పుడు మేం చేసేది చెబుతా. అట్టలోంచి తీసి కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు చూడాలి, వంగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. తర్వాత వెలుతురుకి వాల్చి చూడాలి. వేలి గోరుకి తగిలే గీత ఉంటే పాటలో టక్ టక్ తప్పదు. తగలని గీతలకి అంత టెన్షన్ అక్కర్లేదు.

ఇక వాడు లేని రోజు నేను చేసిన ఘనకార్యం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒకటి దొరికింది, బరువుగా, పలకలా. ఇంటికొచ్చి, వినైల్ రికార్డులకి వాడే స్పిరిట్ కలిపిన నీళ్లతోనే తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. మురికి బాగా పోతోందని సంబరపడ్డాను. రెండో గుడ్డ కూడా నల్లగా అయ్యేసరికి అనుమానం వచ్చింది. పోతున్నది మురికి కాదు, రికార్డే! ఆ పాతవి లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. 1948లో ఎక్కువసేపు పాడే వినైల్ రికార్డులు, అంటే ఎల్పీలు, వచ్చేదాకా ఎక్కువ భాగం లక్కవే. వాటిని తుడవాలంటే స్పిరిట్ చుక్క కూడా లేని నీళ్లే, అదీ మధ్యలో కాగితం తడవకుండా.

ఇంకా ఉంది. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది. ఎల్పీకి వాడే సన్నటి ముల్లు దాని అడుగున పడి గీరుతుంది, వేరే ముల్లు కావాలి.

చిలుము · సోమవారం, ఉదయం 8:30

తుడవడం గురించి వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. నేను కొన్న రాగి కూజాకి ఏళ్ల తరబడి పట్టిన గోధుమ రంగు ఎంత అందంగా ఉండేదో! చుట్టం ఒకావిడ సాయం చేద్దామని తోమేసింది, తళతళా. చూస్తే నిన్న కొన్నదానిలా ఉంది. దయచేసి పాత రాగినీ ఇత్తడినీ తోమకండి. పాత నాణేలైతే అసలు ముట్టుకోకండి, కొనేవాళ్లు ముందు చూసేది తోమారా లేదా అనే.

తళతళ · సోమవారం, ఉదయం 9:10

మురికిని అందం అనుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు. చేసినవాడు దాన్ని మెరిసేలాగే చేశాడు కదా.

చిలుము · సోమవారం, ఉదయం 9:25

చేసినవాడు చేసింది ఒక వస్తువు. దాని మీద వందేళ్లు చేసిన పని ఇంకోటి. నేను కొన్నది రెండోదాని కోసం.

తళతళ · సోమవారం, ఉదయం 9:31

మరి ఆకుపచ్చ పొడి రాలుతుంటే కూడా అలాగే చూస్తూ కూర్చుంటారా? మా ఇంట్లో ఒక కంచు బొమ్మ అలాగే పాడైంది.

చిలుము · సోమవారం, మధ్యాహ్నం 1:05

ఆ ఒక్క విషయంలో మీరే రైటు. గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్న ముదురు రంగు లోహాన్ని కాపాడుతుంది. లేత ఆకుపచ్చ పొడి అక్కడక్కడా మచ్చలుగా లేచి, తుడిచినా మళ్లీ వస్తుంటే అది జబ్బు. ఉప్పు తగిలిన కంచుకీ రాగికీ గాలిలో చెమ్మతో వస్తుంది. దాన్ని పొడి చోట, మిగతావాటికి దూరంగా పెట్టి, తెలిసినవాళ్లకి చూపించాలి.

అసలు కొనేముందే చెయ్యాల్సింది ఇంకోటుంది. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడికీ రాగికీ వెండికీ అది అంటుకోదు. "గట్టి ఇత్తడి" అని అమ్మిన దీపపు స్తంభానికి టక్కున అతుక్కుందా, అది పైపూత వేసిన ఇనుము. అంటుకోకపోయినంత మాత్రాన నిజమైనదని కాదు, అంటుకుంటే మాత్రం నకిలీయే, అనుమానం లేదు. వెండి చెంచాల వెనక "ఇ.పి.ఎన్.ఎస్." అని ఉంటే నికెల్ సిల్వర్ మీద వెండి పూత. ఆ నికెల్ సిల్వర్‌లో ఉండేది రాగి, జింకు, నికెల్. పేరులో ఉన్న వెండి అందులో లేదు. 925 అని ఉంటే నూటికి 92.5 పాళ్లు వెండి, ఆ ముద్ర దొంగది కాకపోతే.

నిన్ననేచేరా · సోమవారం, రాత్రి 8:20

ఇవన్నీ చూస్తుంటే భయమేస్తోంది కానీ వెళ్లాలనీ ఉంది. 4 డాలర్ల ఫోటో ఫ్రేములో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన దొరికిందని చదివాను, నిజమేనా?

ఖాళీచేతులు · సోమవారం, రాత్రి 8:45

నిజమే. 1989లో పెన్సిల్వేనియాలో ఒక సంతలో, ఫ్రేము బాగుందని ఒకాయన ఏదో బొమ్మ కొన్నాడు. బొమ్మ మీద మోజు లేదు. ఇంటికెళ్లి విప్పబోతే ఫ్రేమే విడిపోయింది, బొమ్మ వెనక మడత పెట్టిన కాగితం బయటపడింది. 1776లో ఆ ప్రకటన చేసిన రాత్రే అచ్చు మొదలైన మొదటి ప్రతుల్లో ఒకటి. 1991 వేలంలో 24 లక్షల డాలర్ల పైన పలికింది.

కానీ ఈ కథ చెప్పేవాళ్లు రెండోది చెప్పరు. సంతలో 7 డాలర్లకి కొన్న పెట్టెలో చిన్న పెయింటింగ్ దొరికిందని ఒకావిడ 2012లో వేలానికి తెచ్చింది. చూస్తే ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ వేసిన, ఫ్రాన్స్‌లోని సీన్ నది ఒడ్డు బొమ్మ. పేపర్ల నిండా అదే వార్త. అంతలో పాత కాగితాల్లో బయటపడింది, అది 1951లో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ నుంచి దొంగలెత్తుకెళ్లిన బొమ్మ అని. 2014లో కోర్టు మ్యూజియంకే ఇచ్చేయమంది.

కోట్ల మంది కోట్ల కుప్పలు కెలికితే ఒకరికి ఫ్రేము, ఒకరికి కోర్టు. మిగతావాళ్లకి నడుం నొప్పి.

టైప్‌మిషన్_తాత · మంగళవారం, ఉదయం 5:50

ఖాళీచేతులు బాబూ, నువ్వు ప్రతి సంతకీ వెళ్తావని, ఏమీ కొనవని ఇదే చోట నువ్వే రాశావు. మరి ఎందుకు వెళ్తున్నట్టు?

పాతపెట్టె తల్లీ, నీ ప్రశ్నకి వస్తా. నాకూ ఒక మిత్రుడున్నాడు. మా ఇద్దరి కళ్లూ ఒకసారి ఒకే గ్రామఫోను మీద పడ్డాయి. నేను ధర అడుగుతుంటే వాడు డబ్బు తీసి ఇచ్చేశాడు. రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఆ గ్రామఫోను స్ప్రింగు మూడో రోజే తెగిపోయిందని రెండేళ్ల తర్వాత తెలిసింది. ఆ తర్వాత రూలు పెట్టుకున్నాం. చేతిలో ఉన్నంతసేపు అది ఆ చేతిదే, రెండోవాడు నోరెత్తకూడదు. కింద పెడితేనే రెండోవాడి వంతు. చెరి సగం కొనడం మాత్రం నిషేధం. సగం గ్రామఫోను ఎవరి ఇంట్లో పాడుతుంది?

బేరం సంగతి కూడా చెబుతా. నచ్చిన వస్తువుని ముందు పట్టుకోకూడదు. పక్కదాన్ని పట్టుకోవాలి. టైప్ మిషన్ కావాలంటే దాని పక్కనున్న బొంగరాన్నో, తాళాన్నో ధర అడగాలి. తర్వాత, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఇది పనిచేస్తుందా?" అనాలి. పనిచెయ్యదనే ఆశతో అడిగినట్టుండాలి.

పనిచేస్తుందో లేదో తేల్చడానికి జేబులో ఒక తెల్ల కాగితం చాలు. ఎక్కించి, మీటలన్నీ వరసగా కొట్టి చూడాలి. ఒకటి రెండు బద్ధకంగా వెనక్కి పడితే నూనె మురికి గడ్డకట్టిందంతే, శుభ్రం చేస్తే లేస్తాయి. బండి ఎడమకి అక్షరం అక్షరానికీ జరగకపోతే లోపల పట్టీ తెగి ఉంటుంది. రబ్బరు రోలరు రాయిలా గట్టిపడితే అచ్చు కాగితాన్ని పొడుస్తుంది. రిబ్బనుకి బెంగపడొద్దు, చాలావాటికి అర అంగుళం రిబ్బనే, ఇప్పటికీ వస్తోంది. నాకిష్టమైంది ఒలివెట్టి లెట్టెరా 22, 1950లో వచ్చింది. దాని సంచిలో పెడితే చిన్న సూట్‌కేసులా మోసుకెళ్లొచ్చు. నా మిత్రుడి దగ్గర రెండున్నాయి, ఒకటి ఇవ్వమంటే ఇవ్వడు.

ఖాళీచేతులు · మంగళవారం, ఉదయం 7:30

చూడ్డానికి వెళ్తాను తాతగారూ. నిన్న ఒకతను "రెండు వందల ఏళ్ల నాటి టేబులు" అని అమ్ముతున్నాడు. కిందికి వంగి చూశాను. ప్లస్ ఆకారం గాడి ఉన్న స్క్రూలు. ఆ రకం స్క్రూ 1930లలో గానీ రాలేదు. తర్వాత ఎప్పుడో బాగు చేసి ఉండొచ్చు కదా అనుకుని సొరుగు బయటికి లాగాను. మూలల దగ్గర చెక్కలు ఒకదాంట్లో ఒకటి కొరుక్కుని ఉంటాయి చూడండి, ఆ పళ్లు అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే కొలత. చేత్తో కోసిన పళ్లు అలా రావు, ఒకటి లావు, ఒకటి సన్నం. అతనికేమీ అనలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ అరగంట సుఖానికే వెళ్తాను.

గీతల_రికార్డు · మంగళవారం, ఉదయం 9:00

నాకైతే ఒక వస్తువు వెనక అంటించిన బార్‌కోడ్ మీద "పురాతనం" అని చేత్తో రాసిన చీటీ దొరికింది. బార్‌కోడ్ దుకాణాల్లోకి వచ్చిందే 1974లో. పురాతనమే, నాకన్నా కాస్త చిన్నది.

లెన్సుకన్ను · మంగళవారం, రాత్రి 10:10

పాతపెట్టె గారూ, ఏమైంది? ఆ కెమెరా ఇంకా పూలకుండీల మధ్యే ఉందా? నీళ్లు పోస్తున్నారేమో, చెమ్మకి లెన్సులో బూజు పడుతుంది. ఒక చోట మొదలైతే లోపల సాలెగూడులా అల్లుకుంటుంది, గాజు మీది పూతని తినేస్తుంది. (ఇకముందు లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి, బూజు అలాగే బయటపడుతుంది.)

ముందుచూసిందినేనే · బుధవారం, మధ్యాహ్నం 2:20

నమస్తే అందరికీ. పైన "తను" అని రాసిన మనిషిని నేనే. ఇది చదవమని పాతపెట్టే లింకు పంపింది, పంపాక భయపడి తీసేసింది, అప్పటికే చదివేశా.

కొన్ని సవరణలు. పూలకుండీలు ప్లాస్టిక్ పూలవి, నీళ్లు పొయ్యను. నేను "అబ్బా" అన్నమాట నిజమే. కానీ నేను అరిచాక ధర పెరిగిందనడం అబద్ధం. ఇదిగారు కెమెరా చేతిలోకి తీసుకుని, తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి, లెన్సులోకి ఒక కన్ను మూసి చూసి, మీటలన్నీ తిప్పి, "షట్టర్ కొంచెం నెమ్మదిగా ఉంది" అని నాకు పాఠం చెప్పింది, అమ్మేవాడి ముందే. పది నిమిషాలు. వాడికి అది కెమెరా అని కూడా తెలియదేమో, మనమే చెప్పాం కదే!

ఇంకోటి. నేను సంతకి వస్తువుల కోసం రాను. ఇది ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఫోన్ చేసి లేపుతుంది, అందుకొస్తాను. వచ్చాక నాకు వస్తువులు దొరుకుతాయి, దీనికి దొరకవు. నేనేం చెయ్యను?

ఫిల్ము సంగతి లెన్సుకన్ను గారు చెప్పినట్టే చేద్దామని ఇది రేపు రాత్రి మా ఇంటికొస్తోంది.

టైప్‌మిషన్_తాత · బుధవారం, సాయంత్రం 5:40

అమ్మాయ్, నువ్వు ఇక్కడే ఉండు. ఈ చర్చకి కావాల్సింది నీలాంటి మనిషే.

చిలుము · బుధవారం, సాయంత్రం 6:15

గాజు ఇష్టమన్నారు కదా, ఆవిడకో చిట్కా. అతినీలలోహిత (యూవీ) కాంతి టార్చి చిన్నది ఒకటి కొనుక్కోండి. పసుపు పచ్చ గాజు గిన్నెల మీద వేస్తే కొన్ని మిణుగురులా ఆకుపచ్చగా వెలుగుతాయి. రంగు కోసం గాజులో కొంచెం యురేనియం కలిపేవాళ్లు. అలమరలో పెట్టుకుని చూసుకోవడానికి ఇబ్బంది లేదు.

జాగ్రత్త పడాల్సింది పాత గడియారాల విషయంలో. చీకట్లో వెలగాలని ముళ్లకీ అంకెలకీ రేడియం రంగు పూసేవాళ్లు, 1960ల దాకా. ఇప్పుడు వెలగట్లేదు కదా అని దాని అద్దం ఊడదీసి గీకితే ప్రమాదం. వెలుగునిచ్చే పదార్థం అరిగిపోయింది కానీ రేడియం ఎక్కడికీ పోలేదు, అది సగం తగ్గడానికే 1600 ఏళ్లు కావాలి. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు. మూసి ఉన్నదాన్ని మూసి ఉంచండి.

పాతపెట్టె · శుక్రవారం, ఉదయం 7:05

నిన్న రాత్రి చేశాం. వాళ్లింట్లో కిటికీ లేని స్టోర్ రూమ్ ఒకటుంది. తలుపు సందుకి దుప్పటి కుక్కాం. లైటు తీశాక కూడా ఐదు నిమిషాలు కూర్చున్నాం, ఎక్కడైనా సన్నగా వెలుతురు కనిపిస్తుందేమో అని. కెమెరా నా ఒళ్లో, డబ్బా దాని ఒళ్లో.

మొదటి చుట్టు కదల్లేదు. కాస్త బలం పెడితే కరకరమని శబ్దం, ఎండుటాకు నలిగినట్టు. చిరిగిందనుకుని ఆపేశా. "ఆగకే, అది చిరిగిన శబ్దం కాదు, మడత విడుతోంది" అంది. చీకట్లో దీనికెలా తెలిసిందో! నిజంగానే చిరగలేదు. ఎన్ని చుట్లు తిప్పానో లెక్క లేదు, ఒక చోట చేతికి బరువు పోయింది. తలుపు తెరిచాను. చుట్ట తీసి దాని చేతికిస్తే టేపు కొస దొరక్క మేమిద్దరం చీకట్లో ఒకరి వేళ్లు ఒకరం వెతుక్కున్నాం, నవ్వాపుకోలేక చుట్ట జారిపోయేదే.

లైటు వేశాక కాగితం మీద చదివాం. "కోడక్ వెరిక్రోమ్ పాన్".

లెన్సుకన్ను · శుక్రవారం, ఉదయం 7:11

పాన్! చూశారా, ఎర్ర లైటు వేసుంటే అయిపోయేది.

మంచి వార్త. అది బ్లాక్ అండ్ వైట్. ఆ కాలపు రంగుల ఫిల్ము అయ్యుంటే దాన్ని కడిగే పాత రసాయనాల పద్ధతి ఇప్పుడు దాదాపు లేదు, రంగులు రావడం కష్టం. వెరిక్రోమ్ పాన్‌కైతే బొమ్మని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుందని పేరు. 1956లో వచ్చిన ఫిల్ము అది. మీ కెమెరా ఒళ్లు చూస్తే అంతకన్నా పాతది, అంటే కొన్న చాన్నాళ్లకి కూడా ఎవరో వాడుతూనే ఉన్నారు. పాత ఫిల్ములు కడగడం తెలిసినవాళ్లకే ఇవ్వండి, మామూలుగా కడిగితే బొమ్మ మీద బూడిద రంగు తెర కమ్మేస్తుంది.

ఖాళీ కెమెరా చేతిలో ఉంది కాబట్టి ఇంకో పని. మళ్లీ ఆ స్టోర్ రూమ్‌లోకే వెళ్లి, తిత్తి లోపల టార్చి వేసి, బయట నుంచి మడతల మూలలు చూడండి. చుక్కల్లా వెలుతురు కనిపిస్తే అవి కంతలు.

ముందుచూసిందినేనే · శుక్రవారం, ఉదయం 9:30

చూశాం. మూడు కంతలు. రెండు నేను కనిపెట్టా.

పాతపెట్టె · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:15

ఫిల్ము వచ్చింది. కడిగినాయన ఐదు ముక్కల్లోనూ ఏదో కొంత ఉందన్నాడు.

మొదటి రెండిట్లో బొమ్మ కన్నా కాగితం మీది అంకెలే బాగా పడ్డాయి, సిరా ఫిల్ముకి దిగిందట. మూడోది కుక్క, వెనక సగం. పరిగెడుతోంది. నాలుగోది బట్టలు ఆరేసిన తీగ, అంతా ఒక పక్కకి ఒరిగి. దాన్ని ఎందుకు తీశారో ఎంత ఆలోచించినా తెలియలేదు. ఐదోదాంట్లో ఒకావిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతి నీడ పడి మొహం కనిపించట్లేదు. కింద మూలన తీసినవాళ్ల బొటనవేలు, మసగ్గా.

మేమిద్దరం ఆ ఐదోదాన్ని చాలాసేపు చూశాం. ఇది "ఆవిడ తియ్యొద్దంటోంది" అంటుంది. నాకేమో "త్వరగా తియ్యి" అంటున్నట్టుంది.

ఖాళీచేతులు · ఆదివారం, రాత్రి 8:50

ఆ బట్టల తీగ ఫోటో ఇక్కడ పెడతారా? ఊరికే, చూడ్డానికే.

టైప్‌మిషన్_తాత · సోమవారం, ఉదయం 5:45

అది సరే తల్లీ, కెమెరా ఇప్పుడు ఎవరింట్లో ఉంది?

ముందుచూసిందినేనే · సోమవారం, ఉదయం 8:00

మా ఇంట్లోనే తాతగారూ. కంతలకి నల్ల రంగు పూసి ఆరబెట్టాం. ఇది 120 ఫిల్ము కొనుక్కొచ్చి స్టోర్ రూమ్‌లో పాత రీలు మీదికి చుట్టడం నేర్చుకుంది, మొదటిది నలిపేసింది, రెండోది కుదిరింది. నేర్చుకోవడానికి వారంలో నాలుగు రోజులు మా ఇంటికొచ్చింది. ఇప్పటికి 8లో 3 ఫోటోలు తీశాం. రెండు అది తీసింది, ఒకటి నేను.

ఒసేయ్, వచ్చే ఆదివారం నేను నోరెత్తను, ఒట్టు. కానీ షట్టర్ పాఠాలు నువ్వు ఇంటికొచ్చాక చెప్పు. సంచి మాత్రం నాదే తెస్తా.

పాతపెట్టె · సోమవారం, ఉదయం 8:04

నా సంచి కూడా పెద్దదే. నిన్ననే కొన్నా.